ప్రత్యేకవిద్యయు, ఉపాధ్యాయ శిక్షణమును, పరిశోధనావశ్యకతయు
(వార్షిక మహాసభయందలి విద్యాగోష్ఠిలో గావించిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమున నాలుగు మాటలు విన్నవించుటకు మమ్ము నియోగించిన ఆహ్వానసంఘమువారికి మా కృతజ్ఞతాపూర్వక వందనములు. మేము వక్తలము కాము. ముప్పదియాఱేండ్లు బడిపంతులుగా కాలము గడిపినవారము. కావున మా మాటలలో సభారంజకత్వము కొఱవడినను, అనుభవము కొంత యుండునని మన్నించి వినవలయునని ప్రార్థన.

మన సంఘము పుట్టిననాటనుండియు విద్యాదానమే దానికి ప్రధానవ్రతము. పట్టణములకు చదువవచ్చు పల్లెబిడ్డలకు వసతిగృహములు గట్టించితిమి. బీదవిద్యార్థులకు వేతనము లిచ్చితిమి. పట్టభద్రులైనవారి పేళ్లను, వైద్యులు, ఇంజనీరులు, అధికారులు నైనవారి పేళ్లను ఏటేట నివేదికయందు ప్రకటించి యానందించుచున్నాము. ఆ జాబితాను చూచి మేమును గర్వించువారమే. కాని యీసారి యా పుటలు త్రిప్పుచుండగా మాకొక సందేహము పొడమినది. ఈ జాబితాలో నెన్నడును చేరని బిడ్డల జాబితా యెక్కడ నున్నది? చెవి వినరాని బిడ్డ, కన్ను కానరాని బిడ్డ, వయసుతోపాటు బుద్ధి వికసింపని బిడ్డ, పదుగురిలో నుండియు తనలోకమున తానుండు బిడ్డ, అన్నియు దెలిసియు అక్షరము మాత్రము పట్టువడని బిడ్డ, వీరందఱును మన యిండ్లలో పుట్టినవారే. వారినిగూర్చి మన నివేదికలలో నొక్క పంక్తియైనను లేదు.

2011వ సంవత్సరపు జనాభాలెక్కలనుబట్టి భారతదేశమున వైకల్యము గలవారు 2 కోట్ల 68 లక్షలు. వారిలో బడియీడు బిడ్డలయందు రమారమి నాల్గింట నొకవంతు ఎన్నడును బడిగడప త్రొక్కలేదు. త్రొక్కినవారికైన తగిన చదువు దొరకినదా యనునది వేఱు ప్రశ్న. నేటి మా ప్రసంగము ఈ బిడ్డలనుగూర్చి, వారికి చదువు చెప్పవలసిన యుపాధ్యాయులనుగూర్చి, ఆ యుపాధ్యాయులకు దారిచూపవలసిన పరిశోధననుగూర్చి.

మేము చెప్పదలచినది సంగ్రహముగ నిది: దయగల హృదయమునకు తోడుగ, పరీక్షించి నిగ్గుదేల్చిన జ్ఞానము లేనిచో ఈ బిడ్డలకు మేలు జరుగదు, ఒక్కొక్కప్పుడు కీడు జరుగును. అట్టి కీడు చేసినవారిలో మేము నొకరము.

మా యపరాధము

మేము పనిచేసిన యొక యున్నతపాఠశాలలో ఆఱవ తరగతియందు మన కులపు పిల్లవా డొకడు వసతిగృహమున నుండి చదువుకొనుచుండెను. పద్యము రెండుమార్లు వినినచో నప్పగించువాడు. వడ్డీలెక్కలు నోటితో గట్టువాడు. వసతిగృహపు వంటసరకుల వెచ్చము మేనేజరుకంటె వానికే బాగుగ దెలిసియుండెను. కాని పుస్తకము చేతికిచ్చినచో వాడు వేఱొకడై పోవును. 'కృ' యనుచోట 'క్ర' యనును. ఒత్తు కనబడినచోట నిలిచిపోవును. చదివిన పంక్తినే మరల చదువును. వ్రాతలో దీర్ఘములు, గుడులు ఒకదానిచోట నొకటి పడుచుండెను.

మేము వానిని సోమరి యనుకొంటిమి. తెలివి యుండియు చదువనివాడు పొగరుబోతని నాటి మా సిద్ధాంతము. బెత్తముతో గొట్టితిమి. తరగతిలో నిలువబెట్టి చదివించి తోడిపిల్లలచేత నవ్వించితిమి. రెండేండ్లు వరుసగ తప్పిన పిమ్మట, "వీనికి చదువు రాదు, ఏదేని పనిలో బెట్టుకొనుము" అని వాని తండ్రితో చెప్పినదియు మేమే. ఆయన మాకు నమస్కరించి, పంతులుగారి మాట వేదవాక్యమని నమ్మి, పిల్లవానిని వెంటబెట్టుకొని పోయెను.

పెక్కేండ్లకు, ఉద్యోగవిరమణము దగ్గఱపడుచున్న కాలమున, మేమొక శిక్షణతరగతికి పోవలసివచ్చినది. పఠనవైకల్యమునుగూర్చి యచ్చట నొక యువతి పాఠము చెప్పుచుండగా, ఆమె చెప్పిన లక్షణములన్నియు ఆ పిల్లవానివే యని తోచి, మాకు నోట మాట రాలేదు. విచారించి వానిని వెదకికొని పోయితిమి. వాడిప్పుడు లారీల మరమ్మతు షెడ్డు నడపుచు పదిమందికి పని గల్పించుచున్నాడు. మమ్ము చూచినంతనే కుర్చీ వేసి, టీ తెప్పించి, ఇట్లనెను: "మాస్టారూ, మా చిన్నవాడికి గూడ నాలాగే చదువు రావడం లేదు. వాణ్ణి కొట్టకుండ నేర్పే బడి ఎక్కడైన ఉంటే చెప్పండి." మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. ఆ ప్రశ్నయే నేటి యీ యుపన్యాసమునకు మూలము.

అక్షరము పట్టువడని బిడ్డ

మేము బెత్తము పట్టినది అజ్ఞానమువలన. కాని యా జ్ఞానము లోకమున లేకపోలేదు. 1896లోనే ఇంగ్లాండున ప్రింగిల్ మోర్గన్ అను వైద్యుడు, లెక్కలలో చుఱుకై, మాటలో తెలివిగలవాడై, చదువుటకు మాత్రము చేతగాని పదునాలుగేండ్ల పిల్లవానినిగూర్చి బ్రిటిష్ వైద్యపత్రికలో వ్రాసియుండెను. అటుపిమ్మట శతాబ్దకాలము పండితులు ఈ విషయమున శ్రమించిరి. వీరిలో ననేకులకు చూపులోగాని బుద్ధిలోగాని లోపము లేదనియు, మాటలోని ధ్వనులను విడదీసి యెఱుగుటయందే చిక్కు గలదనియు క్రమముగ దేలినది. ఇది కుటుంబములలో తరతరములుగ రావచ్చుననియు దెలిసినది. లారీషెడ్డు యజమాని కుమారుని సంగతి ఇందులకు దృష్టాంతము.

పరిశోధన యనగా నేమో తెలియుటకు ఒక్క యుదాహరణము చెప్పెదము. ఆక్సుఫర్డునందు లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ అను నిరువురు 1983లో నొక ప్రయోగఫలమును ప్రకటించిరి. ధ్వనులను పోల్చుటయందు వెనుకబడిన 65 మంది చిన్నపిల్లలను నాలుగు వర్గములుగ జేసిరి. మొదటి వర్గమునకు, ఒకే ధ్వని గల మాటల నేఱుట నేర్పిరి. మనవారి భాషలో జెప్పవలెనన్న ప్రాసను పట్టుకొనుట. రెండవ వర్గమునకు దానినే నేర్పుచు, ఆ ధ్వనులకు ప్లాస్టికు అక్షరములను గూడ చేతికిచ్చిరి. మూడవ వర్గమునకు అవే బొమ్మలు చూపి, అంతే కాలము వెచ్చించి, అర్థమునుబట్టి వేఱుపఱుచుట నేర్పిరి. నాల్గవ వర్గమునకు ప్రత్యేకముగ నేమియు నేర్పలేదు. రెండేండ్లలో నలువది పాఠములు జరిగినవి. కడపట చదువుటయందు ముందంజ వేసినది రెండవ వర్గము. ధ్వనియు, అక్షరమును జోడించి నేర్చికొన్న బిడ్డలు.

ఇందు మూడవ వర్గము నేల యుంచిరో పెద్దలు యోచింపవలయును. మాస్టరు ముద్దుచేసి దగ్గఱ కూర్చుండబెట్టుకొన్నచో నే పిల్లయైన కొంత ముందునకు వచ్చును. మేలు ఆ యాదరమువలన గలిగినదా, ఆ పద్ధతివలన గలిగినదా యని తేల్చుటకే యా వర్గము. ఇట్లు పోల్చి చూచుటయే పరిశోధనకు ప్రాణము. ఈ నాలుగు వర్గములలోను బెత్తము లేదని సభవారు గమనింతురుగాక.

అయినను పరదేశపు ఫలితమును తెచ్చి మన బిడ్డలమీద నంటింపరాదు. ఆంగ్లమున 26 అక్షరములు. మనకో వర్ణమాల, గుణింతములు, ఒత్తులు గలిసి వందలకొలది రూపములు. మన లిపికి సోదరియగు కన్నడలిపియందు సొనాలీ నాగ్ అను పండితురాలు బిడ్డల చదువును పరిశీలించి 2007లో ప్రకటించిరి. అక్షరరూపముల నన్నిటిని వశపఱచుకొనుటకు బిడ్డలకు ఒకటి రెండు తరగతులు చాలవనియు, అటుపైని తరగతులలోను ఆ పని సాగుచునే యుండుననియు ఆ పరిశీలనవలన దెలియుచున్నది. మనమో, ఒకటవ తరగతితో గుణింతము ముగిసినదని తలంచి, మూడవ తరగతిలో తడబడువానిని మొద్దనుచున్నాము. తెలుగు బిడ్డ యే యక్షరమువద్ద, ఏ ఒత్తువద్ద, ఏ వయసున నిలిచిపోవునో తెలుగుబడులలోనే చూచి తెలిసికొనవలయును. ఆ పని మనకై మఱొకరు చేయరు.

మంచివారి పొరపాట్లు

పరిశోధన లేని దయ యెంత కీడు చేయగలదో చరిత్రనుండి రెండు సంగతులు మనవి చేసెదము.

లూయీ బ్రెయిల్ 1809లో ఫ్రాన్సుదేశపు పల్లెలో జీనులు గుట్టువాని యింట బుట్టెను. మూడవయేట తండ్రి పనిముట్టు కంట గ్రుచ్చుకొనగా క్రమముగ రెండు కన్నులును పోయెను. 1819లో ప్యారిసునందలి అంధబాలుర పాఠశాల చేరెను. అచ్చట చూపుగలవారి యక్షరములనే ఉబ్బెత్తుగ నచ్చొత్తి వ్రేళ్లతో తడవించెడివారు. ఆ పెద్దయక్షరములు వ్రేలికొనకు అందవు. వ్రాయుట యసలే లేదు. షార్ల్ బార్బియే యను సైన్యోద్యోగి గల్పించిన పండ్రెండు చుక్కల వ్రాతను విని, బ్రెయిల్ దానిని ఆఱు చుక్కలకు గుదించి, 1829లో గ్రంథముగ బ్రకటించెను. విద్యార్థు లా లిపిని వలచిరి. కాని పాఠశాలవారు దానిని అధికారపూర్వకముగ నంగీకరించినది 1854లో. అప్పటికి బ్రెయిల్ గతించి రెండేండ్లు. చూపుగల పంతుళ్లకు తమ కలవాటైన అక్షరములే సుకరముగ దోచుట ఈ జాగునకు ఒక కారణము. నేర్పువాని కన్ను మెచ్చుకొన్నదే లిపి యనుకొనిరి. నేర్చుకొనువాని వ్రేలి నడుగలేదు. అవే ఆఱు చుక్కలు 1951లో రూపొందిన భారతీ బ్రెయిలుద్వారా నేడు తెలుగుబిడ్డల చేతిక్రిందికి వచ్చినవి.

రెండవది యింతకంటె శోచనీయము. 1880లో ఇటలీదేశపు మిలాను నగరమున బధిరవిద్యాసభ జరిగినది. 164 మంది ప్రతినిధులలో బధిరుడు ఒక్కడే. చెవిటిబిడ్డలకు నోటిమాటనే నేర్పవలెననియు, చేతిసైగలను బడులనుండి తొలగింపవలెననియు నా సభ తీర్మానించెను. స్థానికపాఠశాలల విద్యార్థులను కొందఱిని నిలువబెట్టి మాటాడించి చూపగా జూచినవారు ముగ్ధులైరి. మన వార్షికోత్సవములయందు చక్కగ పద్యము చదువు నలుగురు పిల్లలను ముందునకు దెచ్చి బడి యంతయు నట్లే యున్నదని చూపుట లేదా? అట్టిదే యిదియు. ఆ తీర్మానముతో అనేకదేశములలో బధిరులగు నుపాధ్యాయులు ఉద్యోగములు గోల్పోయిరి. సైగచేసిన బిడ్డల చేతులపై దెబ్బలు పడినవి. నోటిమాటయు రాక, చేతిమాటయు లేక, తరములకొలది బిడ్డలు భాషయే లేనివారై పెరిగిరి.

1960లో అమెరికాయందు విలియం స్టోకీ యను నుపాధ్యాయుడు సైగలను ఓపికతో విడదీసి పరిశీలించి, సంజ్ఞాభాషకు తనదైన నిర్మాణము గలదనియు, అది తక్కిన భాషలవంటి భాషయేయనియు నిరూపించెను. తుదకు 2010లో కెనడాదేశపు వాంకూవరున జరిగిన బధిరవిద్యాసభ మిలాను తీర్మానములను నిరాకరించి విచారము దెలిపెను. తప్పు దిద్దుకొనుటకు 130 ఏండ్లు పట్టినది! మన దేశమున బొంబాయి, కలకత్తా నగరములందు 19వ శతాబ్దపు చివరి భాగముననే బధిరపాఠశాలలు వెలసినను, భారతీయ సంజ్ఞాభాషకై ఢిల్లీయందు కేంద్ర ప్రభుత్వము పరిశోధన శిక్షణ సంస్థను నెలకొల్పినది 2015లో మాత్రమే.

మిలానున చేతులెత్తినవారు దుర్మార్గులు కారు. చెవిటిబిడ్డ నోరు తెఱచి 'అమ్మా' యని పిలువవలెనని కోరినవారు. వారికి లేనివి రెండు: పోల్చి పరీక్షించుట యొకటి, ఎవరి విద్యనుగూర్చి తీర్మానించుచున్నారో వారి నడుగుట యొకటి.

ఒకరి విద్య యెల్లరకును విద్య

ఈ బిడ్డలకై చేయు వ్యయము కొలదిమందికే యుపకరించునని కొందఱు పోషకులు శంకింతురు. వారికి సమాధాన మిది. 1800వ సంవత్సరమున ఫ్రాన్సునందు అడవిలో దొరకిన మాటరాని బాలునికి ఇటార్ అను వైద్యుడు ఇంద్రియముల ద్వారా చదువు నేర్పజూచెను. అనుకొన్నంత ఫలింపలేదు; కాని తాను చేసినదంతయు దాచకుండ వ్రాసిపెట్టెను. ఆయన మార్గమున సెగ్యాఁ అను నాయన మందబుద్ధులైన బిడ్డలకు పద్ధతులు కల్పించెను. ఈ యిరువురి గ్రంథములను రోమునగరమున మరియా మాంటిస్సోరి యను వైద్యురాలు స్వహస్తముతో దమ భాషలోనికి వ్రాసికొని, వెనుకబడిన బిడ్డలకు నేర్పిచూచి, పిమ్మట 1907లో సామాన్య శిశువులకొక బడి పెట్టిరి. ఆమెయే 1939లో మదరాసునందలి అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చిరి. నేడు మన పట్టణములలో వీధివీధినను మాంటిస్సోరి పేరు పెట్టుకొనని బడి యరుదు. మాటరాని బిడ్డకై మొదలుపెట్టిన వెదకులాట మన మాటకారి బిడ్డలకెల్ల బడియైనది. విఫలమైనదానిని గూడ దాచక వ్రాసిపెట్టిన పుణ్యమది.

ఉపాధ్యాయుని తయారుచేయుట

ఇక నుపాధ్యాయుల సంగతి. మన దేశమున చట్టములకు లోటు లేదు. ప్రత్యేకవిద్యోపాధ్యాయుల శిక్షణమునకు ప్రమాణములు నిర్ణయించుటకును, శిక్షితుల పేళ్లు నమోదు చేయుటకును 1992 చట్టముచే భారత పునరావాస మండలి యేర్పడినది. మేధోవైకల్యము గల బిడ్డలకై జాతీయసంస్థ 1984లో మన సికిందరాబాదుననే వెలసినది. 2016 చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. ప్రాథమికదశలో ప్రత్యేకావసరములు గల బిడ్డలు పదిమందికి ఒకరు, పైదశలలో పదునైదుగురికి ఒకరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయు లుండవలయునని సుప్రీంకోర్టు 2021లో చెప్పినది. లోటెల్ల మనుష్యులయందు. మన పిల్లలలో ఎందఱు ఈ వృత్తికి పోవుచున్నారు? ఇంజనీరు కాగోరు పిల్లవానికి వేతనమిచ్చు మన నిధి, ప్రత్యేకవిద్యలో బీ.ఇడి. చదువగోరిన పిల్లకు ఇంతవరకు నొక్క రూపాయ యిచ్చినదా?

అదియు నటుండగా, ప్రత్యేకోపాధ్యాయు డున్నను బిడ్డ దినమున నెక్కువభాగము మావంటి సామాన్యోపాధ్యాయుని యెదుటనే యుండును. కావున శిక్షణ మాకును గావలయును. ఆ శిక్షణ మెట్లుండవలెననుటయు పరిశోధించి తెలిసికొనదగినదే. అమెరికాయందు బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనువారు 1980 మొదలు ఈ విషయమును విచారించి, ఉపన్యాసము విన్నంతమాత్రమున నుపాధ్యాయుడు తరగతిలో తన పద్ధతి మార్చుకొనుట యరుదనియు, చేసి చూపుట, చేయించి చూచుట, తరగతిలో పక్కన నిలిచి తప్పు దిద్దుట కావలయుననియు దెలిపిరి. మన రైతునకు గాని, వడ్రంగికి గాని ఈ మాట క్రొత్త కాదు. బాడిస పట్టుకొనుట యెట్లో వడ్రంగి తన కొడుకునకు ఉపన్యాసమిచ్చి నేర్పునా? చేయి పట్టుకొని నేర్పును. ఉపాధ్యాయుల విషయమున మాత్రము మనము మూడుదినములు కుర్చీలలో గూర్చుండబెట్టి, భోజనము పెట్టి, సర్టిఫికెట్టిచ్చి పంపుచున్నాము. మేము స్వయముగ నట్టి సర్టిఫికెట్లు తొమ్మిది సంపాదించినవారము. ఆ తొమ్మిదింటిలో మా చేతి బెత్తమును దింపించినది ఒక్కటియు లేదు; పాఠము చెప్పిన యా యువతి మా తరగతికి వచ్చి, మా యెదుటనే యొక బిడ్డకు ఒత్తులు నేర్పి చూపిన దినముననే మా కన్నులు తెఱువబడినవి.

పరిశోధన యనగానే యది విశ్వవిద్యాలయముల సొత్తని భయపడవలదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయమున స్టాన్లీ డెనో యను నాచార్యుడు 1970-80ల మధ్యకాలమున అందఱు పంతుళ్లును చేయదగిన యుపాయము నొకదానిని సిద్ధపఱచెను. వారమునకు రెండుమార్లు బిడ్డచేత పాఠ్యపుస్తకము నొక్క నిమిషము చదివింపవలెను. తప్పులేక చదివిన మాటలు లెక్కింపవలెను. గళ్లకాగితముపై నొక చుక్క పెట్టవలెను. కొన్నివారములలో బిడ్డ చేరవలసిన మేరకు ముందుగనే యొక గీత గీయవలెను. చుక్కలు వరుసగ గీతక్రిందనే పడుచున్నచో నుపాధ్యాయుడు తన పద్ధతిని మార్చుకొనవలెను. బిడ్డ కష్టపడలేదనుటకు వీలులేదు. ఈ పద్ధతి ననుసరించిన న్యూయార్కు నగరపు ప్రత్యేకోపాధ్యాయుల విద్యార్థులు, అనుసరింపనివారి విద్యార్థులకంటె నధికముగ నభివృద్ధి చెందిరని 1984లో బ్రకటితమైన పరిశోధన చెప్పుచున్నది. దీనికి గావలసిన సామగ్రి గడియారము, గళ్లకాగితము, పెన్సిలు. ఆ నాడు మాకీ గళ్లకాగితము తెలిసియున్నచో, ఆ పిల్లవాడు ఒత్తులవద్ద నిలిచిపోవుచున్నాడని రెండు నెలలలో దెలిసియుండును. రెండేండ్లు కొట్టవలసిన పని లేకుండెను.

తల్లిదండ్రులకు రెండు మాటలు

పరిశోధన తల్లిదండ్రులకును గావలయును. పుట్టిన బిడ్డ వినుచున్నదో లేదో పరీక్షించి యాఱునెలలలోపల గుర్తించి తగిన సాయము మొదలుపెట్టినచో, ఆలస్యముగ గుర్తింపబడిన బిడ్డలకంటె భాషయందు మేలుగ నుందురని 1998లో అమెరికాయందలి కొలరాడో పరిశోధన తేల్చినది. మనమో, "వీడి మేనమామకూడ ఆలస్యంగానే మాటాడాడు" అని మూడేండ్లు గడుపుచున్నాము. ఆ మూడేండ్లు మరల రావు. మేనరికపు వివాహములవలన పుట్టుచెవుడు మొదలైన కొన్ని వంశపారంపర్యలోపములు సంభవించు నవకాశ మధికమని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మన కులమున మేనరికము మెండు గనుక, ఈ మాట కొందఱికి రుచింపదని యెఱిగియు జెప్పుచున్నాము. గ్రహణమునాడు బయటికి వచ్చెనని తల్లిని నిందించుట మాని వైద్యుని నడుగుట మేలు.

మఱియొక హెచ్చరిక. నిరాశలోనున్న తల్లిదండ్రులచుట్టు ఆశ నమ్ముకొనువారు మూగుదురు. 1990 ప్రాంతమున, మాటరాని ఆటిజము బిడ్డల చేయి పట్టుకొని అక్షరఫలకముపై నొత్తించినచో వారు చక్కని వాక్యములు వ్రాయుచున్నారని గొప్ప సంచలనము కలిగెను. తల్లులు ఆనందబాష్పములు రాల్చిరి. 1993లో బ్రకటితమైన పరీక్షలలో బిడ్డకొక బొమ్మను, చేయి పట్టుకొన్నవారికి వేఱొక బొమ్మను జూపిరి. వ్రాయబడినది చేయి పట్టుకొన్నవారు చూచిన బొమ్మ పేరే. వారు మోసగాండ్రు కారు. తమ చేయియే కదలుచున్నదని తామే యెఱుగరు. కావున నెవరేని వచ్చి, ఇన్ని లక్షలిచ్చినచో మీ బిడ్డను మామూలుగ జేసెదమన్నచో, "దీనిని పోల్చి పరీక్షించినవారెవరు?" అని యడుగుడు. ప్రత్యుత్తరము రాకున్నచో సొమ్ము విప్పవలదు.

అన్నిటికంటె ముఖ్యము, బిడ్డను దాచవలదు. అక్క పెండ్లి చెడునని తమ్ముని వెనుకగదిలో నుంచు నిండ్లు మన మెఱుగనివి కావు. సంబంధము చూడవచ్చినవారును మనవారే గదా! దాచువారిని తప్పుపట్టుటకు ముందు, దాచవలసిన యవసరము కల్పించుచున్న మనలను మనము తప్పుపట్టుకొందము.

సభవారికి మా విన్నపములు

ఈ క్రింది విషయములను కార్యనిర్వాహకవర్గమువారు ఆలోచింపవలయునని కోరుచున్నాము.

1. విద్యానిధినుండి ఏటేట కొన్ని వేతనములు, పునరావాస మండలి యంగీకారము గల ప్రత్యేకవిద్యాశిక్షణమున చేరు యువతీయువకులకు ప్రత్యేకింపవలయును. ఈ వేతనములకు కులనియమము పెట్టకుండుట మంచిది. వారి చేతిక్రింద చదువుకొను బిడ్డలలో నన్ని కులములవారును ఉందురు.

2. మన వసతిగృహములలో చేరు ప్రతిబిడ్డకును మొదటినెలలోనే చూపు, వినికిడి పరీక్ష చేయింపవలయును; చదువులో వెనుకబడినవారికి గళ్లకాగితపు పుస్తకము పెట్టవలయును. ఇట్టి బిడ్డ నెవరినిగాని "చదువు రాదు" అని యింటికి పంపుటకు ముందు ఆ పుస్తకమును వర్గమువారు చూడవలయును.

3. ఆ పుస్తకములను భద్రపఱచి, బిడ్డల పేళ్లు తీసివేసి, పరిశోధనసంస్థలు కోరినప్పుడు తల్లిదండ్రుల సమ్మతితో నీయవలయును. తెలుగుబిడ్డల చదువునుగూర్చిన జ్ఞానమునకు మన సంఘము ఇంతమాత్రమైనను తోడ్పడగలదు.

4. ఈ పనులు చూచు నుపసంఘమున అంధులు, బధిరులు, ఇట్టి బిడ్డల తల్లులు తప్పక సభ్యులుగ నుండవలయును. మిలాను పొరపాటు మనము చేయరాదు.

5. ఫలించినవి, ఫలింపనివి రెండును వార్షికనివేదికలో నచ్చువేయవలయును.

పోషకమహాశయులారా! మీ ధర్మమున గట్టిన గదులపై మీ పెద్దల పేళ్లు చలువరాతిమీద చెక్కించితిమి, అది యుచితమే. ఉపాధ్యాయునికి శిక్షణమిప్పించిన దాతకు చలువరాయి దొరకదు. కాని యా యుపాధ్యాయు డుద్యోగకాలమున చేయి పట్టుకొని నడిపించు బిడ్డలు వందలమంది. అందు కొందఱు మీ మనుమలే కావచ్చును.

లారీషెడ్డులో మమ్మొక తండ్రి యడిగిన ప్రశ్నకు నేటికిని మేము ప్రత్యుత్తరము చెప్పలేదు. ఆయన చిన్నకుమారుడు ఇప్పుడు నాలుగవ తరగతిలో నున్నాడు. మేము వారమునకు రెండుమార్లు పోయి, మాకు తెలిసినంతవఱకు, గళ్లకాగితము ముందు పెట్టుకొని వానికి ఒత్తులు నేర్పుచున్నాము. ముసలితనమున నేర్చుకొన్న విద్య గనుక మా చేయి యింకను తిరుగలేదు. మొన్నటి వారము చుక్క గీతకు పైన పడినది. అంతకుముందు మూడువారములు క్రిందనే పడినది. వచ్చు మహాసభనాటికి ఆ తండ్రికి చూపదగిన శిక్షితోపాధ్యాయు డొకడైన మన సంఘమున నుండవలయునని మా కోరిక.